లైట్ బార్ కొనే ముందు: బెంగళూరు నుంచి రాళ్ళబాట పట్టే బళ్ళకి ఏది పనికొస్తుంది

బెంగళూరు జేసీ రోడ్డులో ఏ యాక్సెసరీ దుకాణం ముందు నిలబడినా గోడ నిండా లైట్ బార్లు, అంటే బండి ముందు అదనంగా బిగించే పొడవాటి ఎల్ఈడీ లైట్లు, వేలాడుతుంటాయి. 12 అంగుళాలు, 20, 32, 42, 50. అట్టపెట్టె మీద 180 వాట్లు, 300 వాట్లు, 36,000 ల్యూమెన్లు అని లావుపాటి అక్షరాలు. ఈ అంకెల్ని నమ్మి కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఏడాది తిరక్కుండానే రెండోది వెతుక్కుంటారు. తేల్చుకోవాల్సిన సంగతులు పెట్టె మీద ఉండవు. వెలుగు మీరు నడిపే బాట మీద ఎక్కడ పడుతుంది, అరగంట వెలిగాక ఎంత మిగులుతుంది, ఎదురుగా బండి వస్తే ఎంత తొందరగా ఆర్పగలరు. ఈ మూడింటికీ జవాబు చెప్పుకున్నాకే దుకాణానికి వెళ్ళండి.

బాటని బట్టే లైటు

బెంగళూరు నుంచి వారాంతం ఆఫ్‌రోడ్ వెళ్ళే తెలుగువాళ్ళ బళ్ళు ఎక్కువగా రెండు వైపులకి వెళ్తాయి. చిక్కబళ్ళాపురం దాటి హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు అయితే ఎర్రమట్టి, గుండ్రాళ్ళు, ఎండిన వంకలు, ముందు బండి లేపే దుమ్ము. సకలేశపుర, కొడగు వైపు అయితే వాన, పొగమంచు, జారే బురద, కాఫీ తోటల మధ్య మెలికల దారి. రెండు చోట్లా వేగం గంటకి 15, 20 కిలోమీటర్లు దాటదు. గట్టి మట్టిరోడ్డు దొరికితే 50, 60 వరకు పోతారు.

ఇప్పుడు లెక్క చూడండి. 20 వేగంలో బండి సెకనుకి ఐదున్నర మీటర్లు నడుస్తుంది. అడ్డం కనబడి, కాలు బ్రేకు మీదకి వెళ్ళి, బండి ఆగేసరికి 12 మీటర్లకి మించి పట్టదు. అదే 60 వేగంలో కంకర మీద 50 నుంచి 60 మీటర్లు పడుతుంది. అంటే మన బాటల్లో 100, 120 మీటర్ల వరకు స్పష్టంగా కనబడితే చాలు. అర కిలోమీటరు అవతలి చెట్టు కొమ్మ మీద వెలుగు పడితే మీకు ఒరిగేదేమీ లేదు. మీకు అసలు కావాల్సింది బండికి రెండు పక్కలా, ముందు చక్రాలు తిరగబోయే చోట వెలుగు. మెలికలో హెడ్‌లైట్ నేరుగా లోయలోకి చూస్తుంటుంది, చక్రం మాత్రం ఎడమ గట్టు పక్కనున్న రాయి మీదకి వెళ్తుంటుంది. ఆ రాయిని చూపించే లైటే మీ లైటు.

అందుకే మా మాట ఇది: మొదటిసారి కొనేవాళ్ళకి దూరానికీ పక్కలకీ వెలుగిచ్చే 20 అంగుళాల కాంబో బీమ్ బారు, బంపర్ ఎత్తులో, సరిగ్గా వేసిన వైరింగుతో. 50 అంగుళాల బారు ఫొటోలో బాగుంటుంది. రాజస్థాన్ ఎడారిలో రాత్రిపూట ర్యాలీ తోలేవాళ్ళకి దాని అవసరం ఉండొచ్చు, సకలేశపుర తోటల్లో లేదు.

పెట్టె మీది వాట్లని క్లాంప్ మీటర్‌తో అడగండి

ఆ 300 వాట్లు ఎక్కడి నుంచి వస్తాయంటే, లోపల 60 ఎల్ఈడీ చిప్పులు ఉన్నాయనుకోండి, ఒక్కో చిప్పు గరిష్ఠంగా తట్టుకోగల 5 వాట్లతో హెచ్చవేస్తారు. నిజానికి చిప్పుకి ఇచ్చే కరెంటు అందులో సగం కూడా ఉండదు. పూర్తిగా ఇస్తే ఆ పల్చటి అల్యూమినియం వేడిని మోయలేదు, చిప్పులు మాడిపోతాయి.

తేల్చడం తేలిక. దుకాణంలోనే బ్యాటరీకి కలిపి వెలిగించమనండి, ఎర్ర వైరు చుట్టూ డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టండి. మామూలు ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే ఏసీ క్లాంప్ ఇక్కడ సున్నా చూపిస్తుంది, డీసీ రకమే ఉండాలి. ఇంజను నడుస్తూ బ్యాటరీ 13.5 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు 9 ఆంప్స్ లాగితే అది సుమారు 120 వాట్ల బారు. నిజంగా 300 వాట్లయితే 22 ఆంప్స్ లాగాలి. పెట్టె మీద 300 అనీ మీటర్లో 6 అనీ ఉంటే మిగతా మాటలూ అంతే నమ్మకంగా ఉంటాయనుకోవచ్చు.

ల్యూమెన్లనీ ఇలాగే తూచండి. మంచి చిప్పు వాటుకి 100 నుంచి 130 ల్యూమెన్లు ఇస్తుంది. 120 వాట్ల బారులో పుట్టేది 12 నుంచి 15 వేలు, వేడి, లెన్సు, రిఫ్లెక్టర్ తినేశాక బయటికి వచ్చేది ఇంకా తక్కువ. అంత కరెంటుతో 36,000 ఇస్తానంటే వాటుకి 300 ల్యూమెన్లు అన్నమాట. అలాంటి బారు జేసీ రోడ్డులోనే కాదు, ఎక్కడా దొరకదు.

ల్యూమెన్ కంటే లక్స్ పనికొచ్చే కొలత. ల్యూమెన్ అంటే మొత్తం పుట్టిన వెలుగు, లక్స్ అంటే ఒకచోట పడిన వెలుగు. పేరున్న కంపెనీలు ‘ఇన్ని మీటర్ల దగ్గర 1 లక్స్’ అని రాస్తాయి. నిండు పున్నమి నాడు నేల మీద పడే వెన్నెల సుమారు పావు లక్స్, కాబట్టి 1 లక్స్ అంటే అంతకు నాలుగింతలు. మనిషి ఉన్నాడని తెలుస్తుంది, గుంత లోతు తెలియదు. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది కాబట్టి 300 మీటర్ల దగ్గర 1 లక్స్ ఇచ్చే బారు 100 మీటర్ల దగ్గర 9 లక్స్ ఇస్తుంది. మన అవసరానికి అది ధారాళం.

కాటలాగ్ లేని బారుని మీరే కొలవొచ్చు. చీకటి పడ్డాక గోడకి 10 మీటర్ల దూరంలో బారు పెట్టి, బాగా వెలిగే చోట లక్స్ మీటర్ ఉంచండి. ఫోన్ యాప్ కూడా రెండు బార్లని పక్కపక్కన పోల్చడానికి పనికొస్తుంది, అంకె మాత్రం కచ్చితం కాదు. 1,000 లక్స్ వచ్చిందంటే సుమారు 316 మీటర్ల దగ్గర 1 లక్స్ ఉంటుంది. అంకె రాసుకుని బారుని అలాగే 20 నిమిషాలు వెలగనిచ్చి మళ్ళీ కొలవండి. 10, 15 శాతం తగ్గితే మామూలే. మూడో వంతు పడిపోయిందంటే చిప్పుల వేడి దాన్ని బయటికి వదిలే వెనక రెక్కలదాకా చేరడం లేదు. చేత్తో తాకినా తెలుస్తుంది: ముందు గాజు కాలుతూ వెనక రెక్కలు చల్లగా ఉంటే ఆ బారు ఎక్కువ కాలం బతకదు.

స్పాట్, ఫ్లడ్, కాంబో

స్పాట్ అంటే 8 నుంచి 12 డిగ్రీల సన్నటి కిరణం, దూరానికి. ఫ్లడ్ 40 డిగ్రీలు, ఆపైన పరుచుకుంటుంది, దగ్గరికి, పక్కలకి. కాంబోలో మధ్య చిప్పులకి స్పాట్, చివర్లకి ఫ్లడ్ ఉంటుంది. నెమ్మదిగా పాకే బండికి కాంబో లేదా పూర్తి ఫ్లడ్ తీసుకోండి. ఉత్త స్పాట్ బారు వేస్తే మధ్యలో తెల్లటి మచ్చ, పక్కల కారుచీకటి. ఆ మచ్చ వల్ల కంటిపాప ముడుచుకుని పక్కలు ఇంకా నల్లగా కనిపిస్తాయి.

గోడ మీద వేసి చూసేటప్పుడు అంచులు గమనించండి. మంచి బారు వెలుగు మధ్య నుంచి పక్కలకి మెల్లగా పల్చబడుతుంది. నాసి రకంలో చారలు, మచ్చలు, వలయాలు ఉంటాయి. చేపకన్ను లెన్సులని మెరిసేవి ఎక్కువగా ఇలాంటి మచ్చల్నే పరుస్తాయి. నడిపేటప్పుడు ఆ మచ్చలు నేల మీద కదులుతూ గుంతల్లా భ్రమ కలిగిస్తాయి, రెండు గంటలకి తలనొప్పి ఖాయం.

ఒక వరస బారా, రెండు వరసలా అని అడుగుతారు. బంపర్‌లో, గ్రిల్ దగ్గర పెట్టేట్టయితే ఒక వరసే మేలు. రెండు వరసల బారు రేడియేటర్‌కి, ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే గాలిని అడ్డుకుంటుంది. నెమ్మదిగా ఎక్కుతూ, ఏసీ వేసుకున్న మధ్యాహ్నం దాని ఫలితం టెంపరేచర్ గేజ్‌లో కనబడుతుంది. ఎడాస్ (ముందున్న అడ్డంకిని పసిగట్టి డ్రైవర్‌కి సాయపడే ఏర్పాటు) ఉన్న బళ్ళలో బంపర్ మధ్యనో గ్రిల్‌లోనో ఉండే రాడార్ ముందుకి బారుగానీ దాని బ్రాకెట్‌గానీ రాకూడదు.

రంగు విషయంలో ఒక అపోహ

పసుపు వెలుగు పొగమంచుని చీల్చుకుపోతుంది అంటారు. చీల్చదు. మంచు బొట్లు, దుమ్ము రేణువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి, అవి అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా వెనక్కి కొడతాయి. తేడా మన కళ్ళ దగ్గర వస్తుంది. లైటు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది. 6,000 కెల్విన్ తెల్లటి లైటులో నీలం పాలు ఎక్కువ, అది వెనక్కి వచ్చి కంట్లో పడితే మెరుపు ఎక్కువగా బాధిస్తుంది. సుమారు 3,000 కెల్విన్ ఉండే పసుపులో ఆ నీలం తక్కువ, కళ్ళు అలసిపోవు. కాబట్టి దుమ్ములో, మంచులో పసుపు నిజంగానే హాయిగా ఉంటుంది. ఎత్తులో పెడితే మాత్రం పసుపైనా తెలుపైనా ఎదురుగా గోడ లాంటి మెరుపే కనబడుతుంది, ఎందుకంటే మీ చూపూ లైటూ ఒకే దారిలో వెళ్ళి ఒకే దారిలో తిరిగొస్తాయి. రంగు కంటే ఎత్తే ముఖ్యం.

తెల్లటి బారుకి పసుపు కవర్ తగిలించే రకాలున్నాయి. ఒకే బారుతో అనంతపురం, కొడగు రెండూ తిరిగేవాళ్ళకి ఇదే తేలికైన దారి. కవర్ కొంత వెలుగు తింటుంది, పర్వాలేదు. తెలుపు ఒక్కటే కొంటే 5,000 కెల్విన్ చుట్టూ ఉన్నది అడగండి, ఎర్రమట్టి, ఆకుపచ్చ, బూడిదరంగు రాయి దేనికది విడిగా కనబడుతుంది. నీలిరంగు తిరిగే 6,500 కెల్విన్ రకం తళుక్కుమంటుంది తప్ప తడి బురదని సరిగా చూపించదు.

బంపర్ మీదా, టాప్ మీదా

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

టాప్ మీద, అద్దం పై అంచున పెట్టిన బారు మొదట బానెట్‌ని వెలిగిస్తుంది. మహీంద్రా థార్, ఫోర్స్ గూర్ఖా లాంటి బళ్ళకి బానెట్ చదునుగా, వెడల్పుగా ఉంటుంది. తెల్ల రంగు బండి అయితే ఆ బానెట్ ఒక ట్యూబ్‌లైట్‌లా మీ ఎదురుగా మెరుస్తుంది. కంటిపాప ముడుచుకుంటుంది, బయట ఎంత వెలుగున్నా మసకగానే ఉంటుంది. బారుని అద్దం అంచు నుంచి 15, 20 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే టాప్ అంచే నీడ ఇచ్చి బానెట్ మీద పడే వెలుగుని కొంత ఆపుతుంది. అప్పటికీ మిగిలితే బానెట్ మధ్యభాగానికి మ్యాట్ నలుపు స్టిక్కర్ వేయించాలి.

రెండో సంగతి నీడలు. గుంత ఉందని మనకి చెప్పేది దాని నీడే. లైటు కంటికి దగ్గరగా, ఎత్తులో ఉంటే నీడ గుంత అడుగునే దాక్కుంటుంది. నేల అంతా చదునుగా, కాగితంలా కనబడుతుంది. పది సెంటీమీటర్ల చక్రాల గాడి కూడా తెలియదు, చక్రం దిగాకే తెలుస్తుంది. బంపర్ ఎత్తులో పెట్టిన లైటు చిన్న రాయికి కూడా పొడవాటి నీడ ఇస్తుంది, నేల ఎగుడుదిగుడులు పొరలు పొరలుగా విడివడి కనబడతాయి. దీనికీ ఓ లోపం ఉంది: దిబ్బ అవతలి వైపు పూర్తిగా నల్లగా ఉండిపోతుంది. అలాంటి చోట ఎలాగూ దిగి నడిచి చూడాలి.

ఇవి కాక టాప్ మీద గాలి ఈల ఉంటుంది. 60 దాటగానే రెక్కల మధ్య నుంచి గాలి కూస్తుంది. బారు పై అంచుకి రబ్బరు బీడింగ్ అంటిస్తే చాలావరకు తగ్గుతుంది. సాఫ్ట్‌టాప్ థార్‌కి టాప్ బారు ఊసే ఎత్తొద్దు. గూర్ఖాకి పక్కన స్నార్కెల్ (ఇంజనుకి ఎత్తు నుంచి గాలి అందించే గొట్టం) ఉంటుంది, అద్దం పక్క స్తంభానికి బ్రాకెట్ వేసేముందు అది తగులుతుందేమో చూసుకోవాలి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ దగ్గర రాసిన ఎత్తునీ, బారుతో కలిపి మీ బండి ఎత్తునీ టేపుతో కొలిచాకే టాప్ సంగతి ఆలోచించండి. బెంగళూరులో 2.1 మీటర్ల బోర్డులు మామూలు, మాల్ పార్కింగ్‌లో పైపులు ఇంకా కిందికి వేలాడుతుంటాయి.

బంపర్ మీద పెట్టడానికి బుల్ బార్ వేయించుకోవద్దు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని రాష్ట్రాలకి రాసింది. పాదచారికి తగిలితే ప్రాణాంతకం, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ల లెక్క కూడా తప్పుతుంది. ఛాసిస్‌కి ఉండే టో హుక్ బోల్టుల నుంచో, నంబరు ప్లేటు వెనక బ్రాకెట్ నుంచో పట్టుకునే స్టాండు చేయించండి. స్టాండు 4 మి.మీ. ఇనుప పట్టీకి తగ్గకూడదు, నంబరు ప్లేటుని కప్పకూడదు. ప్లాస్టిక్ బంపర్‌కి నేరుగా బోల్టు వేస్తే వెలుగు వణుకుతూనే ఉంటుంది, నెలకో రెండు నెలలకో ప్లాస్టిక్ చీలుతుంది.

బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్ 304 రకం, నట్లు నైలాక్ (లోపల నైలాన్ వలయం ఉండి వదులు కానివి). స్టీలు బోల్టు అల్యూమినియం బాడీని తాకేచోట నైలాన్ వాషర్ వేయండి. లేకపోతే తడిలో రెండు లోహాల మధ్య తుప్పు మొదలై, తెల్లటి పొడి రాలి, ఏడాది తర్వాత ఆ బోల్టు విప్పడానికి రంపం కావాల్సి వస్తుంది.

నీళ్ళు ఎలా దూరతాయి

ఐపీ అంటే దుమ్ము, నీరు దూరకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె. ఐపీ 67 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీరు రాకూడదు. ఐపీ 68 అంతకంటే లోతుకి, ఎంత లోతో తయారీదారు చెప్పాలి. ఐపీ 69K రకం ఎక్కువ ఒత్తిడితో కొట్టే వేడి నీళ్ళకి. ఆ పరీక్షలన్నీ చల్లగా ఉన్న కొత్త బారు మీద చేస్తారు. మన బారు మాత్రం అరగంట వెలిగి కాలుతూ ఉండగా వాగులోకి దిగుతుంది. లోపలి వేడి గాలి చటుక్కున చల్లబడి ముడుచుకుంటుంది, ఆ పీల్పుకి రబ్బరు అంచు పక్క నుంచి నీళ్ళు లోపలికి లాగబడతాయి. వాగుకి ముందు ఐదు నిమిషాలు బారు ఆర్పేయడం పైసా ఖర్చులేని మందు.

దీన్ని తట్టుకోవడానికే మంచి బార్లకి వెనక చిన్న గుండ్రటి బ్రీదర్ ఉంటుంది. గాలిని వదులుతుంది, నీటిని ఆపుతుంది. కొనేటప్పుడు బారు తిప్పి అది ఉందో లేదో చూడండి. బ్రీదర్ లేని బారు మీద ఐపీ 68 అని రాసి ఉంటే ఆ అంకె మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

వానాకాలంలో గాజు లోపల పల్చటి ఆవిరి పట్టి, బారు వెలిగించిన పావుగంటలో పోతే కంగారు లేదు, బ్రీదర్ తన పని తాను చేస్తోంది. బొట్లు కట్టి కింద అంచున నీరు నిలిస్తే సీలు పోయినట్టే. వెంటనే వారంటీకి పంపండి, సిలికాన్ పూసి బ్రీదర్ మూసేస్తే నాలుగు రోజుల్లో చిప్పులు నల్లబడతాయి. గాజు స్థానంలో ఉండేది పాలీకార్బనేట్, రాయి తగిలినా సులువుగా పగలదు, కానీ పైపూత లేకపోతే ఎండకి పసుపు రంగుకి తిరుగుతుంది. పొడిగుడ్డతో ఎర్రమట్టి తుడిస్తే గీతలు పడతాయి, ముందు నీళ్ళు పోసి మట్టి కారిపోయాకే గుడ్డ పెట్టండి.

వైరింగ్: ఖర్చులో మూడో వంతు దీనికే

లైట్ బారు వల్ల బండి కాలిందంటే తప్పు బారుది కాదు, దాదాపు ఎప్పుడూ వైరుదే. పెట్టెలో వచ్చే హార్నెస్‌లో (వైర్ల కట్టలో) సన్నటి వైరు, దానికి 30 ఆంప్స్ ఫ్యూజు పెట్టి ఇస్తారు. ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే ఫ్యూజు పోయేలోపే వైరు ఎర్రగా కాలుతుంది. ఫ్యూజు కాపాడేది బారుని కాదు, వైరుని. అందుకే ఫ్యూజు వైరు మోయగల కరెంటు కంటే తక్కువ ఉండాలి, బారు లాగే కరెంటు కంటే పాతిక శాతమైనా ఎక్కువ ఉండాలి. 9 ఆంప్స్ బారుకి 15 ఆంప్స్ ఫ్యూజు సరిపోతుంది. అది బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోనే ఉండాలి. అవతల మీటరు దూరంలో పెడితే ఆ మీటరు వైరుకి దిక్కెవరు?

వైరు మందం: బంపర్ వరకు 2.5 స్క్వేర్ ఎంఎం, టాప్ వరకు 4 స్క్వేర్ ఎంఎం రాగి. ఎందుకంటే, టాప్ బారుకి పోనూ రానూ సుమారు 9 మీటర్ల వైరు పడుతుంది. 9 ఆంప్స్ దగ్గర 4 స్క్వేర్‌లో పోయేది 0.35 వోల్టు, 2.5లో 0.57, ఒక స్క్వేర్ వైరులో 1.4 వోల్టులు. బారు వెలుగు తగ్గినట్టు కనబడకపోవచ్చు, లోపలి డ్రైవర్ (చిప్పులకి కరెంటు అందించే సర్క్యూట్) తక్కువైన వోల్టేజీకి బదులు ఎక్కువ కరెంటు లాగుతుంది, వైరు ఇంకా వేడెక్కుతుంది. వైరు కొనేటప్పుడు చివర గోకి చూడండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైర్లు బజార్లో బోలెడు, గోకితే లోపల తెల్లగా ఉంటుంది.

చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటుని కలిపి విడదీసే స్విచ్చు రిలే. అది నాలుగు కాళ్ళది, 40 ఆంప్స్ తీసుకోండి, కాళ్ళ నంబర్లు దాని మీదే ఉంటాయి. 30వ కాలుకి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు, 87కి బారు, 85కి ఎర్త్, 86కి స్విచ్చు నుంచి వచ్చే సిగ్నల్. ఆ సిగ్నల్‌ని బ్యాటరీ నుంచి కాకుండా హై బీమ్ వైరు నుంచి తీసుకుని, మధ్యలో డ్యాష్‌బోర్డ్ స్విచ్చు వేయండి. అప్పుడు స్విచ్చు వేసి ఉన్నా హై బీమ్ వెలిగినప్పుడే బారు వెలుగుతుంది. ఎదురుగా ట్రాక్టర్ వచ్చిందనుకోండి, వేలితో డిప్ కొడితే బారూ ఆరిపోతుంది. చీకట్లో స్విచ్చు కోసం తడుముకునే ఆ రెండు సెకన్లు అవతలివాడు గుడ్డివాడిగా నడపాల్సిన పని లేదు. రిలే కాయిల్ లాగేది 0.2 ఆంపుకి లోపే, హై బీమ్ వైరుకి అది బరువు కాదు.

కంపెనీ ఎల్ఈడీ హెడ్‌లైట్ ఉన్న కొత్త బళ్ళలో ముందు మల్టీమీటర్ పెట్టి చూడాలి. డిప్‌లో సున్నా, హై బీమ్‌లో నిలకడగా 12 పైన చూపిస్తే ఆ వైరు పనికొస్తుంది. 7, 8 అంటూ ఊగితే అది పల్స్‌లుగా వస్తోంది, రిలే టకటకమని కొట్టుకుంటుంది. కొన్ని బళ్ళలో పాజిటివ్ ఎప్పుడూ ఉండి నెగటివ్‌ని స్విచ్ చేస్తారు. అప్పుడు 85, 86 కలపడం మారుతుంది. ఈ రెండింట్లో ఏది కనిపించినా ఆ బండి వైరింగ్ తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్‌కి అప్పగించండి.

బ్యాటరీ నెగటివ్ మీద చిన్న పెట్టెలా సెన్సార్ ఉంటే బారు ఎర్త్ దాని మీద కాకుండా ఛాసిస్‌కి వేయాలి. సెన్సార్‌ని తప్పించి నేరుగా బ్యాటరీ కాలుకి కలిపితే బండి కంప్యూటర్‌కి బ్యాటరీ లెక్క తప్పుతుంది, ఆటో స్టార్ట్ స్టాప్ మొరాయిస్తుంది. ఎర్త్ వేసేచోట పెయింట్ గోకి మెరిసే ఇనుము కనబడేదాకా శుభ్రం చేసి, బిగించాక పైన గ్రీజు రాయాలి.

జాయింట్లకి టేపు చుట్టడం వద్దు. బానెట్ కింద వేడికి ఆ జిగురు కారిపోయి టేపు ఊడి వేలాడుతుంది. క్రింప్ చేసి (లోహపు తొడుగులో వైర్లని నొక్కి బిగించి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేయండి. బారు దగ్గర రెండు పిన్నుల డీటీ కనెక్టర్ (ఊడదీసి మళ్ళీ కలిపే సీలున్న ప్లగ్గు) పెట్టిస్తే నీరు దూరదు, 13 ఆంప్స్ మోస్తుంది, ట్రిప్ అయ్యాక బారు విప్పి ఇంట్లో పెట్టుకోవచ్చు. వీధిలో రాత్రంతా బండి నిలిపేవాళ్ళకి ఈ చివరి సౌకర్యం చాలా అవసరం. కంపెనీ వైర్లని ఎక్కడా కోయనివ్వకండి. కోసిన చోటు చూపించి వారంటీ కాదనడం సర్వీస్ సెంటర్లకి చాలా సులువు.

బారు వేయగానే ఎఫ్ఎం రేడియో గరగర మంటే, వాకీటాకీలో ముందు బండి మాట తెగిపోతుంటే, బారు డ్రైవర్‌కి ఫిల్టర్ సరిగా లేదు. దుకాణంలోనే పక్కన ఎఫ్ఎం పెట్టి చూస్తే ఇది ముందే తెలిసిపోతుంది. కాన్వాయ్‌లో వెళ్ళేవాళ్ళు ఈ పరీక్ష మానొద్దు.

రోడ్డు మీద వెలిగించకూడదు

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 111వ నియమం ప్రకారం రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా బండి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు బిగించకూడదు. 2024 జులైలో కర్ణాటక పోలీసులు కళ్ళు చెదరగొట్టే లైట్ల మీద రాష్ట్రమంతా కేసులు పెట్టారు. వెలుగు రాకుండా నల్ల కవర్ వేశాం కదా అంటే బిగించడం కూడా తప్పే అనొచ్చు. అందువల్ల విప్పదీసే స్టాండు, డీటీ కనెక్టర్ ఉంటే ఊళ్ళో తిరిగే రోజుల్లో బారు ఇంట్లోనే ఉంటుంది. ట్రిప్‌కి తీసుకెళ్ళేటప్పుడు కూడా 44వ నంబరు హైవే మీద నల్ల కవర్ తీయొద్దు, దిగాల్సిన మట్టిబాట వచ్చాకే తీయండి. అడవి రోడ్లలో అసలు వద్దు. బందీపూర్ గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రాకపోకలే నిషేధం. మిగతా అడవి అంచుల్లోనూ ఏనుగు కళ్ళలోకి బారు కొట్టడం ఎంత ప్రమాదమో కొడగు డ్రైవర్లని అడిగితే చెబుతారు.

బిగించాక

చదునైన చోట గోడకి 8 మీటర్ల దూరంలో, ట్రిప్‌కి ఎక్కే మనుషులు, సామాను అంతా ఎక్కించి బండి నిలపండి. ఖాళీ బండితో సరిచేస్తే వెనక బరువు పడగానే బారు ఆకాశం చూస్తుంది. బారు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో గోడ మీద అక్కడ సుద్దగీత గీసి, వెలుగు నడిబొడ్డు ఆ గీత కంటే 8 నుంచి 10 సెంటీమీటర్లు కిందికి వచ్చేలా వంచి బిగించండి. పసుపు కవర్‌తో దుమ్ములో వెళ్తే ఇంకాస్త దించినా మంచిదే.

ఇంజను ఆపి బారు వెలిగించి టెంట్ వేసుకునే అలవాటు ఉంటే గుర్తుంచుకోండి, 9 ఆంప్స్ బారు 60 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీని మూడు గంటల చిల్లరలో సగం చేస్తుంది, పాత బ్యాటరీ అయితే పొద్దున్నే బండి లేవదు. దానికి చిన్న క్యాంప్ లైటు వేరే పెట్టుకోండి.

మొదటి 100 కిలోమీటర్ల గతుకుల తర్వాత బోల్టులన్నీ ఒకసారి బిగించాలి, స్టాండు సర్దుకుని తప్పకుండా కొంత వదులవుతుంది. అప్పుడే వైరు పొడవునా వేళ్ళతో తడుముతూ వెళ్ళండి. బానెట్ అంచున, ఫైర్‌వాల్ రంధ్రం దగ్గర, గ్రిల్ క్లిప్పుల దగ్గర తొడుగు గరుకుగా తగిలితే అక్కడ ఒరుసుకుంటోందన్నమాట. ఆ చోట ముడతల ప్లాస్టిక్ పైపు తొడిగి, జిప్ టైతో కట్టి, ఆ తర్వాతే తర్వాతి ట్రిప్‌కి బయల్దేరండి.